తీగ లాగితే డొంకంతా: జర్మన్ భాషను ఒక వ్యవస్థగా అధ్యయనం చేసే పద్ధతి

జర్మన్‌లో బి2 స్థాయి దాటి, మాట్లాడటం వచ్చిన తరువాత ఆ భాష కట్టుబడిని కూడా అర్థం చేసుకోవాలనుకునే విద్యార్థుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. సాధారణంగా మన నోటుబుక్కుల్లో ఆర్టికల్స్‌కు ఒక పేజీ, బహువచనాలకు ఒక పేజీ, వాక్యంలో క్రియ ఎక్కడ రావాలో చెప్పే సూత్రాలకు ఒక పేజీ, కొత్త మాటలకు చివర మరికొన్ని పేజీలు ఉంటాయి. నా నోటుబుక్కు కూడా చాలా ఏళ్లు అలాగే ఉండేది. అందులో రాసుకున్న ప్రతి విషయమూ సరైనదే, కానీ ఒక పేజీకి మరో పేజీతో ఉన్న సంబంధం మాత్రం ఎక్కడా రాసి లేదు. జర్మన్ భాషాశాస్త్ర సంప్రదాయం మనకు చేయగలిగిన పెద్ద సాయం ఆ సంబంధాన్ని చూపించడమే. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, భాషలో ఒక చిన్న అంశాన్ని కదిపితే ఇంకేమేమి కదులుతాయో ఓపికగా గమనించడమే ఇక్కడ చెప్పబోయే పద్ధతి.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో కొద్దిగా తెలుసుకుని మొదలుపెట్టడం మంచిది. విల్‌హెల్మ్ ఫాన్ హుంబోల్ట్ జావా ద్వీపంలోని "కవి" అనే పేరుగల పాత భాష మీద రాసిన బృహద్గ్రంథానికి పెట్టిన ఉపోద్ఘాతం ఆయన మరణానంతరం 1836లో వెలువడింది. సంస్కృత పదాలు విరివిగా చేరిన భాష అది. అందులో ఆయన భాషను ఒక బ్రహ్మాండమైన నేతతో పోల్చి, ఆ నేతలో ప్రతి భాగానికీ మిగతా భాగాలతోనూ, అన్నిటికీ మొత్తంతోనూ ఎంతో కొంత స్పష్టంగా కనిపించే సంబంధం ఉంటుందని అన్నాడు. గేఓర్గ్ ఫాన్ డెర్ గాబెలెంట్స్ 1891లో ప్రచురించిన భాషాశాస్త్ర గ్రంథంలో ప్రతి భాషా ఒక వ్యవస్థ అనీ, దాని భాగాలన్నీ కలిసి పనిచేస్తాయనీ రాశాడు. జెనీవా నుంచి 1876లో లైప్‌జిగ్‌కు చదువుకోవడానికి వచ్చిన ఫెర్డినాండ్ ద సొస్యూర్ ఉపన్యాసాలు ఆయన మరణించాక 1916లో ఫ్రెంచిలో పుస్తకమయ్యాయి. వాటి జర్మన్ అనువాదం 1931లో వచ్చింది. సరిగ్గా అదే సంవత్సరం యోస్ట్ ట్రియర్ తన అర్థక్షేత్ర సిద్ధాంతాన్ని, అంటే ఒక మాట అర్థాన్ని దాని చుట్టూ ఉన్న మాటలే నిర్ణయిస్తాయనే వాదాన్ని, పాత జర్మన్ పాఠాల ఆధారంగా ప్రచురించాడు. ఈ పేర్లను పరీక్ష కోసం కంఠస్థం చేయనవసరం లేదు. ఇన్ని తరాల వారు పట్టుకున్న ఆ ఒక్క తీగను మీరూ పట్టుకుంటే చాలు.

చిన్నదాంతో మొదలుపెట్టండి

విద్యార్థులు మొదట చేసే పొరపాటు పెద్ద విషయాన్ని ఎంచుకోవడం. "జర్మన్ విభక్తి వ్యవస్థ" అనే అంశంతో మొదలుపెడితే పాఠ్యపుస్తకంలోని పట్టికను తిరగరాయడం తప్ప ఏమీ జరగదు. ఒక ప్రత్యయాన్నో, ఒక మాటనో, ఒకే ఒక్క వాక్యాన్నో తీసుకోండి. దాన్ని మూడు రకాలుగా పరీక్షించండి: దాని స్థానంలో మరొకటి పెట్టి చూడటం, దాన్ని ఉన్నచోటి నుంచి జరిపి చూడటం, దాన్ని తీసేసి చూడటం. ఈ పరీక్షలను జర్మన్ వ్యాకరణంలో ఒక క్రమపద్ధతిగా నిలబెట్టినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన హాన్స్ గ్లింట్స్. 1952లో వచ్చిన ఆయన గ్రంథం తరువాత ఇవి జర్మనీ, స్విట్జర్లాండ్ బడుల్లోకి కూడా చేరాయి.

మార్పిడి పరీక్షకు అతి సులభమైన ఉదాహరణ బడి గ్రేడులు. జర్మనీలో "బెఫ్రీడిగెంట్" అంటే మూడో గ్రేడు, ఆస్ట్రియాలోనూ మూడో గ్రేడే. నిఘంటువు చూస్తే రెండు చోట్లా అర్థం "సంతృప్తికరం" అనే ఉంటుంది. కానీ జర్మనీలో మొత్తం గ్రేడులు ఆరు, ఆస్ట్రియాలో ఐదు. జర్మనీలో ఈ మాట కింద "ఔస్‌రైషెంట్", "మాంగెల్‌హాఫ్ట్", "ఉన్‌గెన్యూగెంట్" అని మూడు మెట్లు ఉంటే, ఆస్ట్రియాలో "గెన్యూగెంట్", "నిష్ట్ గెన్యూగెంట్" అని రెండే ఉన్నాయి. అందువల్ల ఒకే మాట ఆస్ట్రియాలో వరుసకు నట్టనడుమ నిలబడుతుంది, జర్మనీలో పైసగంలో ఉంటుంది. మాట మారలేదు, దాని విలువ మారింది. వ్యవస్థ అనే మాటకు ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం నాకు దొరకలేదు. మొదటి రోజు ఈ రెండు వరుసలనూ పక్కపక్కన రాసుకుని, ఒక్కొక్క మాటను తీసేస్తే మిగతా వాటి మీద ఎంత భారం పడుతుందో ఆలోచించండి.

ఒక ప్రత్యయం వెంట నడవడం

ఇప్పుడు వ్యాకరణంలోకి వెళదాం. "మంచి వైన్‌తో" అనడానికి జర్మన్‌లో "మిట్ గూటెమ్ వైన్" అంటారు. "ఆ మంచి వైన్‌తో" అనాలంటే "మిట్ డెమ్ గూటెన్ వైన్" అంటారు. మన తరగతుల్లో దీన్ని రెండు పట్టికలుగా, ప్రబల ప్రత్యయాలు ఒకటి, దుర్బల ప్రత్యయాలు ఒకటి అని చెప్పి కంఠస్థం చేయిస్తారు. కాని రెంటినీ ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. చతుర్థీ విభక్తిని చూపే "మ్" అనే ధ్వని రెండు చోట్లా ఒక్కసారే వచ్చింది. ఆర్టికల్ లేనప్పుడు ఆ భారాన్ని విశేషణం మోసింది. ఆర్టికల్ వచ్చి ఆ భారాన్ని తాను తీసుకోగానే విశేషణం "ఎన్" అనే సాదా ప్రత్యయానికి దిగింది. "మిట్ ఐనెమ్ గూటెన్ వైన్" అన్నా అంతే. ప్రథమా విభక్తిలో "డెర్ గూటె వైన్", "ఐన్ గూటర్ వైన్" పెట్టి చూడండి. "ఐన్" పుంలింగాన్ని చూపలేని రూపం కాబట్టి "ర్" విశేషణం మీదికి వచ్చింది. అంటే ఆర్టికల్, విశేషణం, నామం కలిసి ఒక జట్టుగా పనిచేస్తున్నాయి, ఎవరో ఒకరు గుర్తును మోస్తే చాలు. ఈ ఒక్క సంగతి అర్థమైతే పట్టికల్లో సగం భారం తగ్గుతుంది.

ఇక్కడితో ఆగకూడదు. నామం ఎందుకు ఆ భారాన్ని మోయడం లేదు అన్నది తరువాతి ప్రశ్న, దానికి జవాబు ధ్వనుల్లో ఉంది. ప్రాచీన ఉన్నత జర్మన్‌లో, అంటే సుమారు 750 నుంచి 1050 వరకు ఉన్న దశలో, అతిథి అనే అర్థంలో ఏకవచనం "గాస్ట్", బహువచనం "గెస్టి". చివరి "ఇ" కారం ముందున్న "అ" కారాన్ని తనవైపు లాక్కోవడం వల్ల అది "ఎ" అయింది. అది మొదట్లో కేవలం ఉచ్చారణకు సంబంధించిన విషయం. మాట మొదటి అక్షరం మీద ఊనిక బలంగా పడే భాష కాబట్టి, క్రమంగా చివరి అచ్చులన్నీ బలహీనపడి ఒకే రకమైన అస్పష్టమైన "ఎ" గా మిగిలాయి. నామాల చివర విభక్తులను వేరుచేసి చూపే శక్తి చాలావరకు పోయింది. కానీ "గెస్టె" లో మారిన అచ్చు అలాగే నిలిచిపోయింది, దాన్ని మార్చిన "ఇ" మాత్రం లేదు. కారణం మాయమైపోయి ఫలితం మాత్రం మిగిలినప్పుడు భాష దాన్ని వృథా పోనివ్వలేదు, బహువచనానికి గుర్తుగా వాడుకుంది. ఇది ఊహ కాదనడానికి ఆధారం "బౌమ్" అనే మాట. చెట్టు అనే అర్థమున్న ఈ మాట పాత బహువచనం "బౌమా", అందులో "ఇ" ఎప్పుడూ లేదు. అయినా నేటి బహువచనం "బాయ్‌మె", అచ్చు మారిన రూపమే. ఉచ్చారణ కారణం లేని చోటికి కూడా ఈ మార్పు పాకిందంటే అప్పటికే అది వ్యాకరణపు గుర్తు అయిపోయిందని అర్థం.

ఇప్పుడు గొలుసు చూడండి: మొదటి అక్షరం మీది ఊనిక చివరి అచ్చులను అరగదీసింది, ఆ అరుగుదల వల్ల నామం విభక్తిని చూపలేకపోయింది, ఆ పని ఆర్టికల్, విశేషణాల మీద పడింది, బహువచనాన్ని చూపే పనిలో కొంత లోపలి అచ్చు తీసుకుంది. నాలుగు వేర్వేరు పాఠాలుగా మనం చదివినవి ఒకే కథలోని నాలుగు సంఘటనలు. గొలుసు గీసేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ఏది ముందు జరిగిందో తేదీలతో చూపలేకపోతే "దీనివల్ల అది" అని రాయకండి, "దీనితో పాటు అది" అని రాయండి.

ఆర్టికల్ భారం మోస్తోంది సరే, "డెర్" అనే రూపం పుంలింగ ప్రథమా ఏకవచనం, స్త్రీలింగ చతుర్థి, స్త్రీలింగ షష్ఠి, బహువచన షష్ఠి, ఇన్నిటికీ ఒకటే కదా, గందరగోళం కాదా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. "డెర్ మాన్" అన్నప్పుడు ప్రథమ, "డెర్ ఫ్రౌ" అన్నప్పుడు ప్రథమ కాజాలదు, ఎందుకంటే "ఫ్రౌ" స్త్రీలింగమని వినేవారికి ముందే తెలుసు. జర్మన్ లింగం అర్థం లేని బరువని విద్యార్థులు బాధపడుతుంటారు. విడిగా చూస్తే అది నిజమే అనిపిస్తుంది. విభక్తితో కలిపి చూస్తే లింగం చేసే పని కనిపిస్తుంది: ఒకే రూపం నాలుగు పనులు చేయగలగడానికి ఆధారం లింగమే.

వాక్యాన్ని జరిపి చూడటం

జరిపే పరీక్షను వాక్యం మీద చేయండి. "డెర్ హుంట్ బైస్ట్ డెన్ మాన్" అంటే కుక్క మనిషిని కరుస్తుంది. "డెన్ మాన్ బైస్ట్ డెర్ హుంట్" అన్నా అర్థం అదే, క్రియ రెండో స్థానంలోంచి కదల్లేదు, దాని ముందున్న చోటులోకి వచ్చినవారు మాత్రం మారారు. మనకు ఇది కొత్త కాదు. "కుక్క మనిషిని కరిచింది", "మనిషిని కుక్క కరిచింది" అని మనమూ అంటాం, "ని" ప్రత్యయం అర్థాన్ని కాపాడుతుంది. ఇప్పుడు స్త్రీలింగ నామాలు పెట్టి చూడండి: "డీ ముటర్ జూఖ్ట్ డీ టోఖ్టర్". స్త్రీలింగంలో ప్రథమ, ద్వితీయ రెంటికీ "డీ" ఒకటే కాబట్టి, తల్లి కూతుర్ని వెతుకుతోందా, కూతురు తల్లిని వెతుకుతోందా అన్నది రూపం చెప్పదు. సందర్భమో, నొక్కి పలికే తీరో వేరే దారి చూపకపోతే వినేవారు మొదట వచ్చినదాన్నే కర్తగా తీసుకుంటారు. విభక్తి తన పని చేయలేని చోట పదక్రమం ఆ పని తీసుకుంది. ఈ రెండు వాక్యాల మధ్య తేడాను మీ మాటల్లో వివరించగలిగితే వ్యవస్థ అంటే ఏమిటో మీకు తెలిసినట్టే.

క్రియకు ముందున్న ఆ చోటికి "ఫోర్‌ఫెల్ట్", అంటే ముందు క్షేత్రం, అనే పేరు ఎరిష్ డ్రాఖ్ 1937లో వచ్చిన పుస్తకంతో స్థిరపడింది. వాక్యాన్ని క్షేత్రాలుగా గీసి చూడటం నేటికీ జర్మన్ వాక్య విశ్లేషణకు మొదటి మెట్టు. రోజుకు ఐదు వాక్యాలు, ఏదైనా వార్తాపత్రికలోంచి తీసుకుని, క్రియ భాగాలు రెంటినీ కుండలీకరణాల్లా గీసి, వాటి ముందు, మధ్య, వెనుక ఏమున్నాయో నింపండి. నెల రోజుల తరువాత ముందు క్షేత్రంలోకి ఎలాంటివి వస్తున్నాయో మీరే చెప్పగలరు. క్రియ తన చుట్టూ ఎవరెవరిని కోరుకుంటుందన్నది దీనికి తోడుగా చూడవలసిన విషయం. మన శాస్త్రాల్లో ఆకాంక్ష అనే భావన తెలిసినవారికి ఇది సులభంగా పట్టుబడుతుంది. గేర్‌హార్ట్ హెల్బిష్, వోల్ఫ్‌గాంగ్ షెంకెల్ 1969లో లైప్‌జిగ్‌లో ప్రచురించిన క్రియల నిఘంటువు ఇందుకోసమే తయారైంది. "హెల్ఫెన్" (సాయం చేయడం) చతుర్థిని కోరుతుంది కాబట్టి కర్మణి వాక్యంలో కూడా "ఈమ్ వీర్ట్ గెహోల్ఫెన్" అని చతుర్థే మిగులుతుంది. దాదాపు అదే అర్థమున్న "ఉంటర్‌ష్ట్యుట్సెన్" ద్వితీయను కోరుతుంది కాబట్టి అక్కడ "ఎర్" అని ప్రథమ వస్తుంది.

మాటల ఇరుగుపొరుగు

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, తెలుగువారికి సహజంగానే ముందంజ ఉన్న భాగం కూడా, బంధుత్వ పదాలు. నేటి జర్మన్‌లో తల్లిదండ్రుల తోబుట్టువులకు "ఒంకెల్", "టాంటె" అని రెండే మాటలున్నాయి. మనకు పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త, పెద్దమ్మ, పిన్ని అని ఆరు ఉన్నాయి. ఈ తేడాను చూసి చాలామంది ఆగిపోతారు. పాత జర్మన్‌లోకి వెళ్లి చూస్తే నాలుగు గళ్లు కనిపిస్తాయి: తండ్రి సోదరుడు "ఫెటర్", తల్లి సోదరుడు "ఓహైమ్", తండ్రి సోదరి "బాజె", తల్లి సోదరి "మూమె". పెద్దా చిన్నా తేడా లేదు గానీ, అమ్మవైపు, నాన్నవైపు అనే తేడా మనకున్నట్టే వారికీ ఉండేది. మేనమామకు, బాబాయికి మధ్య తేడా ఏమిటో ఒక తెలుగు విద్యార్థికి వివరించవలసిన పని లేదు కాబట్టి, పాత జర్మన్ పట్టిక అతని కళ్లకు వెంటనే కడుతుంది.

తరువాత జరిగిన మార్పును మీరే వెతకాలి, అదే ఇక్కడి అభ్యాసం. పదిహేడో శతాబ్దం నుంచి ఫ్రెంచి నుంచి "ఒంకెల్", "టాంటె", "కుజాన్", "కుజీనె" ప్రవేశించాయి. నేడు "ఫెటర్" అంటే బాబాయి కాదు, బాబాయి కొడుకో మేనమామ కొడుకో, అంటే ఒక తరం కిందికి దిగిన మాట. "బాజె" కూడా అలాగే కిందికి దిగింది. "ఓహైమ్", "మూమె" పాత పుస్తకాల్లో మిగిలాయి. ఫ్రెంచి మాటలు వచ్చి పాత మాటలను నెట్టేశాయని చెప్పడం చాలా సులభం. కానీ "ఫెటర్" అంతకు ముందే అన్న కొడుకును, దగ్గరి మగబంధువును కూడా సూచించడం మొదలుపెట్టింది. మరి పాత మాటలు సడలిపోయి ఏర్పడిన ఖాళీలోకి కొత్త మాటలు వచ్చాయా, లేక కొత్త మాటలు వచ్చి పాతవాటిని జరిపాయా? ఒక కాగితం మీద 1200, 1500, 1700, 1900, నేడు అని ఐదు నిలువు గళ్లు గీసి, ఒక్కో కాలంలో ఏ మాట ఏ బంధువుకు వాడారో ఉదాహరణతో సహా నింపితే తప్ప ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ట్రియర్ చేసింది సరిగ్గా ఇదే. 1200 ప్రాంతంలో జ్ఞానానికి సంబంధించిన "వీస్‌హైట్", "కున్స్ట్", "లిస్ట్" అనే మూడు మాటలు, 1300 నాటికి "వీస్‌హైట్", "కున్స్ట్", "విజ్జెన్" అయ్యాయని ఆయన గమనించాడు. చూడటానికి ఒక మాట పోయి మరొకటి వచ్చినట్టే ఉంది, కానీ ఆయన దృష్టిలో మిగిలిన రెండు మాటల హద్దులు కూడా అప్పుడే మారిపోయాయి.

ట్రియర్‌ను చదివేటప్పుడు రెండు హెచ్చరికలు గుర్తుంచుకోండి. క్షేత్రంలోని మాటలు రాళ్లు పేర్చినట్టు సందు లేకుండా అమరి ఉంటాయని ఆయన భావించాడు. నిజమైన వాడుకలో మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి, కొన్నిచోట్ల ఖాళీలు కూడా ఉంటాయి, ఈ విమర్శ ఆయన మీద తరువాతివారు గట్టిగానే చేశారు. రెండోది ఇంకా ముఖ్యమైనది. మాటల పట్టికను చూసి ఆ భాష మాట్లాడేవారి మనసును తూకం వేయకండి. అన్నకూ తమ్ముడికీ జర్మన్‌లో "బ్రూడర్" ఒకటే మాట. అంతమాత్రాన పెద్దవాడెవరో వారికి తెలియదని కాదు, అవసరమైతే "గ్రోసర్ బ్రూడర్" అంటారు. మన భాషలో ఆ తేడా చెప్పకుండా మాట్లాడటం కష్టం, వారి భాషలో చెప్పడం ఐచ్ఛికం. వ్యవస్థల మధ్య తేడా అంతవరకే, అంతకు మించి రాస్తే అది భాషాశాస్త్రం కాదు.

పనిముట్లు, రాసుకునే తీరు

వీటన్నిటికీ కావలసిన సామగ్రి ఇంట్లో కూర్చునే దొరుకుతుంది. బెర్లిన్-బ్రాండెన్‌బుర్గ్ అకాడెమీ నడిపే డి.డబ్ల్యు.డి.ఎస్. నిఘంటువులో ఒక్కో మాటకు అర్థం, వ్యుత్పత్తి, కాలక్రమంలో వాడుక పెరిగిన తరిగిన తీరును చూపే గీత ఉంటాయి. గ్రిమ్ సోదరులు మొదలుపెట్టిన బృహన్నిఘంటువు మొదటి సంపుటం 1854లో వెలువడింది. అది పూర్తయ్యేసరికి వందేళ్లు దాటాయి. ట్రియర్ నగరంలోని విశ్వవిద్యాలయం దాన్ని, మధ్యకాలపు జర్మన్ నిఘంటువులను కలిపి ఒకేచోట ఉచితంగా అందిస్తోంది. 1964లో మాన్‌హైమ్‌లో ఏర్పడిన జర్మన్ భాషా సంస్థ వారి కార్పస్‌లో, అంటే వాడుకలోంచి సేకరించిన వాక్యాల భాండారంలో, పేరు నమోదు చేసుకుంటే నేటి వాడుకను కోట్లాది వాక్యాల్లో వెతకవచ్చు. వారిదే అయిన "గ్రామిస్" వ్యాకరణ సంబంధమైన సందేహాలకు నమ్మదగినది. నా సలహా ఒక్కటే: కార్పస్‌ను చివర తెరవండి. ముందు మీ ఊహను ఒక వాక్యంగా రాసుకుని, ఏ ఉదాహరణ దొరికితే ఆ ఊహ తప్పవుతుందో కూడా రాసుకుని, అప్పుడు వెతకండి. లేకపోతే వేల వాక్యాల మధ్య తిరిగి ఉత్త చేతులతో బయటికి వస్తారు.

రాసుకునే తీరు కూడా మార్చుకోవాలి. పాఠానికో పేజీ కాకుండా అంశానికో పేజీ పెట్టండి. నడుమ మీరు ఎంచుకున్న మాటో ప్రత్యయమో రాసి, దాని నుంచి గీతలు గీయండి. ప్రతి గీత మీద ఆ సంబంధం ఏ రకమైనదో ఒక్క మాటలో రాయాలి: ఎదురు, బదులు, తోడు, ముందుమెట్టు. గీత చివర ఒక జర్మన్ వాక్యం ఉండాలి, పాత విషయమైతే కాలం కూడా ఉండాలి. ఉదాహరణ లేని గీతను నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి. ధ్వని, రూపం, వాక్యం, అర్థం, ఈ నాలుగింటిలో కనీసం రెండు స్థాయుల్లోకి గీతలు వెళ్లేవరకు పేజీ పూర్తయినట్టు కాదు. "రాట్" అని పలికే రెండు మాటలను తీసుకుంటే, ఒకటి చక్రం, మరొకటి సలహా సభ లేదా సలహాదారు. ఏకవచనంలో రెండూ ఒకేలా వినిపిస్తాయి. బహువచనంలో చక్రాలు "రేడర్", సలహాదారులు "రేటె" అని విడిపోతాయి. చక్రం మాట చివర "డ" అక్షరం రాసి "ట్" అని పలకడం వెనుక ఉన్న కారణం ఆ బహువచనమే. జర్మన్ లిపి ఒంటరి మాటను కాక మాట కుటుంబాన్ని చూసి రాస్తుంది. ధ్వని నుంచి మొదలుపెట్టిన పేజీలో రూపం, లిపి రెండూ ఇలా వచ్చి చేరతాయి.

మొదటి పేజీకి ఏ అంశం తీసుకోవాలో తోచనివారు పెళ్లితో కలిసే బంధువులను తీసుకోండి. పాత జర్మన్‌లో మామగారు "ష్వేయర్", అత్తగారు "ష్వీగర్", అల్లుడు "ఐడమ్", కోడలు "ష్నూర్", నాలుగు వేర్వేరు మాటలు. నేడు అత్తగారి మాట అందరికీ ముందుమాటగా మారి, "ష్వీగర్‌ఫాటర్", "ష్వీగర్‌ముటర్", "ష్వీగర్‌జోన్", "ష్వీగర్‌టోఖ్టర్" అయ్యాయి. బావకూ, మరిదికీ, బావమరిదికీ కలిపి వాడే "ష్వాగర్" మాత్రం ఈ వరుసలో చేరకుండా పాత రూపంలోనే నిలిచింది. ఐదు గళ్ల పట్టిక గీసి, నాలుగు మాటలూ ఏ క్రమంలో మారాయో, ఐదోది ఎందుకు మారలేదో వెతకడం మొదలుపెట్టండి.